అల్యూమినియం చెయ్యి

అరచెయ్యి ఆనించందే మా మామయ్యకు ఏ పనీ మొదలవదు. విరిగిన ఇరుసు వచ్చినా, పగిలిన పంపు వచ్చినా ముందు దాని మీద కుడి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతారు. వెల్డింగ్ పనిలో దీనికి అర్థం ఉంది. లోహం ఎంత వేడెక్కిందో, అతుకు వెయ్యడానికి సిద్ధమయిందో లేదో ఆయనకు చెయ్యే చెప్పేది. ఇంట్లోకి కొత్త ఫ్రిజ్ దించినప్పుడు దాని మీద కూడా అలాగే ఆనించారు. దానికి మాత్రం ఏ అర్థమూ లేదు. పెళ్ళయిన కొత్తలో నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటే, దీవిస్తున్నారనుకుని భక్తిగా వంగి నిలబడ్డాను. అది దీవెన కాదు, తనిఖీ అని మా ఆయన తర్వాత చెప్పాడు.

ఆ చేతికి ఉంగరం వేలు సగమే ఉంది. మిగతా సగాన్ని కుర్రతనంలో ఒక మిషన్ బెల్టు పట్టుకుపోయింది. అందుకని మా షాపులో ఎక్కడ మసి చేతి అచ్చు కనబడినా అది ఎవరిదని ఎవరూ అడగరు.

షాపు కింద, ఇల్లు పైన. మెట్లు బయట నుంచి. మామయ్య కళ్ళు మంట చూసీ చూసీ అలిసిపోయాయి కాబట్టి ఈమధ్య వెల్డింగ్ తక్కువ, పర్యవేక్షణ ఎక్కువ. మా ఆయన లోహాన్ని కొలతకు చెక్కే మిల్లింగ్ మిషన్ చూసుకుంటాడు. నేను చాలాకాలం ఫోన్లు ఎత్తాను, టీలు తెప్పించాను, రాని వస్తువు రేపు వస్తుందని కస్టమర్లకు చెప్పాను. ఆ తర్వాత కోల్డ్ స్ప్రే మిషన్ గురించి విని, దాన్ని అమ్మే కంపెనీలో పని నేర్చుకుని, ఇంట్లో అందరి చెవుల్లో జోరీగలా పోరి, దాన్ని తెప్పించాను.

అది చేసేది చెప్పుకోవడానికి పెద్ద పనేమీ కాదు. మైదా కన్నా సన్నగా ఉండే లోహపు పొడిని, వేడి చేసిన నైట్రోజన్‌తో కలిపి, సన్నటి గొట్టంలోంచి శబ్దం కన్నా వేగంగా చిమ్ముతుంది. ఆ వేగానికి ఒక్కొక్క రేణువూ గోడకు విసిరిన తడి మట్టిలా చదునై అతుక్కుపోతుంది. కరగదు. కరిగించేంత వేడి లేదు కాబట్టి వస్తువు వంకర పోదు. అరిగిన చోట పొర మీద పొర వేసి, తర్వాత కొలతకు చెక్కేస్తే, పాత సామాన్ల కొట్టుకు పోవాల్సిన వస్తువు మళ్ళీ పనిలోకి పోతుంది.

"కరగకుండా అతుక్కోవడమేంటమ్మా?" అన్నారు మామయ్య. "బస్సులో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన చుట్టాలైపోతారా?"

మిషన్‌కు చలిజ్వరం అని పేరు పెట్టారు. పేరేమో చల్లనిది, లోపల గ్యాసేమో కాగిపోతూ ఉంటుంది, పైగా ఒళ్ళంతా వణుకు. ఈ వర్ణనలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

అలాంటి రోజుల్లో బ్రెడ్డు ఫ్యాక్టరీ మేనేజరు ఒక మూత పట్టుకొచ్చాడు. ఈయన ఎప్పుడొచ్చినా "ఐదు నిమిషాల్లో వెళ్ళిపోవాలి" అంటూనే లోపలికి వస్తాడు, టీ రెండుసార్లు తాగి వెళ్తాడు. మేం ఆయన్ని ఐదు నిమిషాలాయన అంటాం. మూత పిండి కలిపే పెద్ద మిక్సర్‌ది, గేర్‌బాక్స్ మీద కూర్చునేది. అల్యూమినియం, బండి చక్రమంత ఉంటుంది. ఒక పక్క కుంగిపోయి ఉంది.

ఎందుకు కుంగిందో షాపులో అందరికీ తెలుసు. కొన్నేళ్ళ కిందట ఆ మూత పగిలితే మామయ్యే వెల్డింగ్ చేశారు. పగులు అతుక్కుంది, వేడికి మూత వంగింది. అప్పటినుంచి మిక్సర్ సన్నగా మూలుగుతూ ఉంటుంది. మామయ్య దాన్ని పాడటం అంటారు. పెద్ద మిషన్లు పాడతాయనీ, అది ఆరోగ్యానికి గుర్తనీ ఆయన వాదన. ఆరోగ్యం ఎంత బాగుందంటే ఇప్పుడు మూత సందులోంచి నూనె కారి, దానికింద బేరింగులు వరసగా పోతున్నాయి.

"మిక్సర్ తయారు చేసిన కంపెనీ మూసేశారు" అన్నాడు మేనేజరు. "మూత విడిగా ఎక్కడా లేదు. పైవాళ్ళేమో మొత్తం మిక్సర్ తీసేసి కొత్తది తెప్పిద్దామంటున్నారు. పాత సామాన్లాయన వచ్చి చూసుకుని కూడా వెళ్ళాడు. మిక్సర్‌కి మిగతా ఒళ్ళంతా నిక్షేపంలా ఉందండీ."

వెల్డింగ్‌తో నింపితే వేడికి ఇంకో పక్క వంగుతుంది. అది మామయ్యకూ తెలుసు. అందుకే ఆయన వెల్డింగ్ మాట ఎత్తకుండా మూత వైపు చూస్తూ నిలబడ్డారు.

"కుంగిన వైపు కోల్డ్ స్ప్రేతో నింపి, మొత్తం చదునుగా చెక్కేద్దాం" అన్నాను నేను. "గ్లాసుడు పొడితో అయ్యేదానికి మనిషెత్తు మిక్సర్‌ని పారేసుకోవడమెందుకు?"

వస్తువు పారెయ్యకూడదన్న దగ్గర మామయ్యకూ నాకూ ఎప్పుడూ తేడా లేదు. ఎలా నిలబెట్టాలన్న దగ్గరే పేచీ.

"చూడమ్మాయ్" అన్నారాయన కుండబద్దలు కొట్టినట్టు. "నువ్వు వేసిన పొడి దాని మీద అతుక్కుని నిలిస్తే, నేను ఈ షాపు గడప తొక్కను. నిలవకపోతే నీ చలిజ్వరం ఈ గడప దాటాలి. ఏమంటావ్?"

అదేం మాట మామయ్యా, అనాల్సింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"సరే మామయ్యా" అన్నాను.

మా ఆయన వైపు ఇద్దరం చూశాం. ఆయన ఇలాంటప్పుడు గోడమీది పిల్లి. "ఇద్దరూ చెప్పిందాంట్లో అర్థముంది" అని మిల్లింగ్ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మామయ్య మాట ఎలాంటిదో తెలియనివాళ్ళకు ఇది సరదా పందెంలా అనిపించవచ్చు. ఒకసారి నిచ్చెన గురించి మాటామాటా పెరిగి, తమ్ముడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టనన్నారు. ఆ తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళి, పనులన్నీ దగ్గరుండి చేయించి, అందరి మధ్యా కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పుకుని తిన్నారు. అదీ ఆయన. మిషన్ పోతే నేను మళ్ళీ ఫోన్ల దగ్గరికి, టీల దగ్గరికి పోతాను. ఆ మిషన్ వచ్చాకే నేనూ ఈ షాపులో పని చేసే మనిషినని నాకు నమ్మకం కుదిరింది. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మామయ్య లేని షాపు ఎలా ఉంటుందన్నది ఆ క్షణంలో నాకు తట్టనే లేదు.

కోల్డ్ స్ప్రేలో పొడి కొట్టడం సులువు, ముందు చేసే శుభ్రమే ప్రాణం. మూతను నూనె జిడ్డు లేకుండా కడిగాను. ఆరబెట్టాను. కుంగిన వైపంతా గాలి గొట్టంతో గరుకు ఇసుక రవ్వ కొట్టి, కొత్త గరుకు కాగితంలా చేశాను. అలా గరుకు చేసిన లోహం మీద తర్వాత ఏదీ తగలకూడదు. చేతికి ఉండే కాస్త చెమట, కాస్త జిడ్డు చాలు, పొర అడుగున పట్టు తప్పిపోవడానికి. అందుకే ఆ గది తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు రాసి పెట్టాను: "గరుకు చేసిన వస్తువును చేత్తో ముట్టుకోరాదు."

మామయ్య ఆ బోర్డును చదివారు. దస్తూరి బాగుందన్నారు. అది వచ్చే పోయేవాళ్ళ కోసం రాసిందని ఆయన అనుకున్నట్టు తర్వాత తెలిసింది.

నైట్రోజన్ సిలిండర్ ఖాళీ అయిందని మార్చుకురావడానికి వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చి, చెవులకు మఫ్‌లు తగిలించుకుని, తలుపు మూసి పని మొదలుపెట్టాను. ఆ గొట్టం చేసే రొదలో మనిషి తన ఆలోచన తను వినలేడు. బూడిద రంగు పొర ఒక్కొక్క వరసా పేరుకుంటూ, కుంగిన వైపు మెల్లగా పైకి లేచింది. చూడటానికి చాలా ముచ్చటగా ఉంది. బయటికొచ్చి మామయ్యకు చూపించాను.

"పైకి బాగానే ఉంది" అన్నారు. ఆ మాటలో పుల్లవిరుపు లేదు. ఆశ్చర్యపోయాను కానీ ఎందుకో ఆలోచించలేదు.

మర్నాడు మా ఆయన మూతను మిల్లింగ్ బల్ల మీద బిగించాడు. మేనేజరు ఐదు నిమిషాలకని వచ్చి నిలబడ్డాడు. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కట్టర్ మొదటిసారి పొర మీదుగా సాఫీగా పోయింది. రెండోసారి సగం దూరం పోయాక ఠప్పుమని చప్పుడైంది. మా ఆయన మిషన్ ఆపేశాడు.

పొరలోంచి ఒక ముక్క లేచి బల్ల మీద పడి ఉంది. మేనేజరు దాన్ని తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇదేంటండీ, చెయ్యిలా ఉంది?"

బొటనవేలు ఉంది, చూపుడువేలు ఉంది, నడిమివేలు ఉంది, చిటికెనవేలు ఉంది. ఉంగరం వేలు సగమే ఉంది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. మామయ్య కుడిచేతిని మెల్లగా ప్యాంటు జేబులో పెట్టుకున్నారు.

"ఊడింది కదా" అన్నారు చిన్న గొంతుతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. పందెం గెలవడానికి ఇంత పని చేస్తారా అనుకున్నాను. మేనేజరు ముందే అడిగేద్దామని నోరు తెరిచి మామయ్య మొహం చూశాను. ఆయన ఆ ముక్కనే చూస్తున్నారు. కావాలని చేసినవాళ్ళ మొహం అలా ఉండదు. ఆయనకూ ఈ సంగతి ఇప్పుడే, మాతోపాటే తెలిసింది.

కోపం పోలేదు గానీ దిక్కు మార్చుకుంది.

"మధ్యలో ఊడింది. చుట్టూ ఉన్నది ఉంది" అన్నాను. "ఉలి తీసుకోండి మామయ్యా. చుట్టూ ఉన్నది కూడా ఊడదీయండి. ఒక్క పెచ్చు లేచినా సరే, మిషన్ నేనే ప్యాక్ చేయిస్తాను."

"అమ్మా, అది మా మూత" అన్నాడు మేనేజరు.

"గాట్లు పడితే మళ్ళీ నింపుతామండీ. ఆ మిషన్ ఉన్నదే అందుకు."

సుత్తి పట్టుకోవాలంటే చెయ్యి జేబులోంచి తియ్యాలి. తీశారు. ఊడిన గుంట అంచున ఉలి ఆనించి కొట్టారు. మామయ్య ఉత్తుత్తి దెబ్బలు కొట్టే మనిషి కాదు. ఇంటి గోడకు మేకు కొడితే పక్కింట్లో ఫొటోలు కదిలేవి. బొటనవేలి అంచున కొట్టారు. లోహం సొట్టపడింది, ఉలి కింద చుట్టలా లేచింది, పొర మాత్రం అడుగు వదల్లేదు. చూపుడువేలి పక్కన కొట్టారు. వేళ్ళ సందుల్లో కొట్టారు. చిటికెనవేలు దాటి మణికట్టు దగ్గరికొచ్చేసరికి నుదుటి చెమట ముక్కు మీదకు కారుతోంది. మా ఆయన నీళ్ళిస్తే తాగలేదు. మేనేజరు ఐదు నిమిషాల సంగతి మర్చిపోయాడు.

చివరికి మామయ్య ఉలి కింద పెట్టేశారు.

"అతుక్కుంది" అన్నారు. నాతో కాదు, ఉలితో.

"మరి మధ్యలో ఎందుకూడిందంటారు?" అన్నాడు మేనేజరు.

నేను నీళ్ళు నమిలాను. "అంటే, శుభ్రం చేసేటప్పుడు..."

మామయ్య నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. కుడిచెయ్యి చాచి ఆ గుంటలో పెట్టారు. ఎక్కడా వెలితి లేకుండా సరిపోయింది. సగం వేలుతో సహా.

"నాదే" అన్నారు. "నిన్న అమ్మాయి సిలిండర్ కోసం వెళ్ళినప్పుడు పెట్టాను."

"ఎందుకు పెట్టారండీ?"

మామయ్య గుంటలో ఉన్న తన చేతిని చూసుకున్నారు. ఆయనకు ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదనుకుంటాను.

"పని బాగా జరగాలని" అన్నారు.

చెయ్యి పెట్టేటప్పుడు పందెం సంగతి గుర్తు రాలేదట. నాకు ఏడుపొచ్చింది. కట్టర్ దగ్గర పడిన రజను ఊడుస్తున్నట్టు అటు తిరిగాను.

మామయ్య చేతులు కడుక్కున్నారు. గూట్లోంచి తన కళ్ళజోడు పెట్టె, టీ గ్లాసు తీసుకున్నారు. ఎటు పోతున్నారో మాకు అర్థమయ్యేలోపే గడప అవతల ఉన్నారు.

"పని ఇంకా పూర్తి కాలేదు మామయ్యా" అన్నాను.

"అతుక్కుంటుందా లేదా అన్నదే కదమ్మా మాట. అతుక్కుంది."

మర్నాడు ఉదయం షాపు తీసేసరికి ఆయన ఎదురుగా ఫుట్‌పాత్ బెంచీ మీద, మా వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. అటు వైపు చూడటానికి ఒక గోడ తప్ప ఏమీ లేదు. గోడను చూస్తూ కూర్చున్నారు. అత్తయ్య పైనుంచి రెండుసార్లు పిలిచి, ఆ తర్వాత టీ అక్కడికే పంపింది.

నేను గెలిచాను. గెలిస్తే ఇంత దిగులుగా ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఓడిపోయేదాన్ని. గుంటను మళ్ళీ గరుకు చేసి నింపాలి. మూత ముందు నిలబడ్డాను. మఫ్‌లు పెట్టుకున్నాను, తీశాను. రవ్వ గొట్టం పట్టుకున్నాను, కింద పెట్టాను. అన్నీ ఉన్నాయి, ఏదో ఒకటి జరగలేదు. ఏది జరగలేదో తెలిశాక నా మీద నాకే విసుగొచ్చింది.

మూతను ట్రాలీ మీదకు ఎత్తించి బయటికి తోశాను. చక్రం గడపకు తగిలి ఆగిపోయింది. మా ఆయన ఏమీ అడక్కుండా వచ్చి వెనకనుంచి ఎత్తాడు. రోడ్డు దాటి బెంచీ ముందు ఆపాను. సైకిల్ మీద పోయే ఒకాయన దిగి, పక్కనుంచి నడిపించుకుని వెళ్ళాడు.

"ఏంటిది?" అన్నారు మామయ్య.

"చెయ్యి పెట్టండి."

"పెడితే ఊడిందిగా."

"గరుకు చేశాక పెడితే ఊడుతుంది. అంతకుముందు పెడితే ఏం కాదు. మీరు పెట్టాక కడుగుతాను, రవ్వ కొడతాను, తర్వాత పొడి వేస్తాను."

"అంటే నా చెయ్యి కడిగేస్తావు."

"కడిగేస్తాను."

"కడిగేసేదానికి పెట్టడమెందుకు?"

"మీరు పెట్టకపోతే నాకు మొదలుపెట్టబుద్ధి కావట్లేదు మామయ్యా" అన్నాను. "పొద్దుట్నుంచీ చూస్తున్నా. చేతులు ఆడట్లేదు."

ఆయన మళ్ళీ గోడ వైపు చూశారు. తర్వాత టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, మూత మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. మామూలు కన్నా ఎక్కువసేపే ఉంచారు. ఒక స్కూటరు హారన్ కొట్టి, ఆయన కదలకపోయేసరికి చుట్టూ తిరిగి పోయింది.

"ఊఁ. కానీ" అన్నారు.

ఆ సాయంత్రానికి గుంట, గాట్లు అన్నీ నిండాయి. మర్నాడు కట్టర్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాఫీగా పోయింది. మూత అద్దంలా వచ్చింది.

అప్పటినుంచి మా షాపులో ప్రతి వస్తువూ ముందు రోడ్డు దాటి వెళ్ళి, చేతికి చూపించుకుని వస్తుంది. కస్టమర్లు ఇదేదో నాణ్యత పరీక్ష అనుకుంటున్నారు. మేం కాదనడం లేదు. ట్రాలీ చక్రం గడపకు తగులుతోందని మామయ్యే ఒక ఇనుప పలకను ఏటవాలుగా కోసి వెల్డింగ్ చేశారు. బయటివైపు కూర్చుని, కాలు లోపల పెట్టకుండా చేశారు. అతుకు ఎప్పటిలాగే బ్రహ్మాండంగా ఉంది. పలక కొంచెం వంగింది.

ఊడిన అల్యూమినియం చెయ్యి నా బల్ల మీదే ఉండేది. ఒకరోజు బెంచీ మీదనుంచే మామయ్య కేకేశారు. "రాతలు ఎవరు చదువుతారమ్మాయ్? ఆ బోర్డు తీసేసి అది తగిలించు." తగిలించాను. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు.

మూత బిగించే రోజున ముగ్గురం బ్రెడ్డు ఫ్యాక్టరీకి వెళ్ళాం. ఆ గడప గురించి మామయ్య మాటేమీ ఇవ్వలేదు కాబట్టి లోపలిదాకా వచ్చారు. మేనేజరు స్విచ్ వేశాడు. మిక్సర్ తిరిగింది. అంతే, ఇంకే చప్పుడూ లేదు. మూలుగుకు అలవాటు పడినవాళ్ళు మిక్సర్ ఆగిపోయిందనుకుని పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. వచ్చి, లోపల పిండి తిరగడం చూసి నిలబడిపోయారు. కొత్త మిక్సర్ మాట పైవాళ్ళు వెనక్కి తీసుకున్నారనీ, పాత సామాన్లాయన్ని రావద్దని చెప్పేశామనీ మేనేజరు అన్నాడు.

అక్కడ దేని మీద చూసినా సన్నగా పిండి పరుచుకుని ఉంటుంది. మేం బోల్టులు బిగించేలోపే బాగుచేసిన మూత మీద కూడా తెల్లగా పడింది. మామయ్య దగ్గరికి వెళ్ళి, తిరుగుతున్న మిక్సర్ మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"అయితే పాడింది నా అతుకు వల్లేనన్నమాట" అన్నారు కళ్ళు తెరిచి.

"అదీ కావచ్చు, కాకపోనూ వచ్చు" అన్నాడు మా ఆయన.

మామయ్య చెయ్యి తీశారు. తెల్లటి పిండిలో చెయ్యి అచ్చు పడింది, వేళ్ళన్నీ స్పష్టంగా, ఒకటి సగంగా. ఆయన దాన్ని చూసి, గభాలున జేబులోంచి గుడ్డ తీశారు. ఈమధ్య జేబులో గుడ్డ పెట్టుకుని తిరుగుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. తుడవబోతుంటే ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనీండి మామయ్యా. ఇక్కడ ఏమీ ఊడదు."

ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయన్నాడు మేనేజరు. అయినా కాసేపు ముగ్గురం అక్కడే నిలబడ్డాం.